మీ ఊరి దళ నాయకుడి జీవితం రాయాలంటే

నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి పల్లెల్లో బొడ్రాయి దగ్గరో బస్టాండు పక్కనో తెలంగాణ సాయుధ పోరాటంలో పోయినవాళ్ళ ఎర్ర స్థూపం ఒకటి కనబడుతుంది. దాని మీద ఒక పేరు, ఒక తేదీ. ఏటా ఒకరోజు దండ పడుతుంది, ఉపన్యాసాలవుతాయి. ఆ మనిషి ఏ ఇంట్లో పుట్టాడు, ఏ దొర గడిలో (కోటలాంటి ఇంట్లో) వెట్టి చేశాడు, దళంలోకి పోయేనాటికి వయసెంత, ఎవరు పట్టిచ్చారు అని అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు. ఆ మాటలన్నీ కూడగట్టి అరవై పేజీల పుస్తకం చేయాలనుకునే ఊరి పిల్లలకు, టీచర్లకు, ఇంటివాళ్ళకు ఈ పద్ధతి. ఒక్క జీవితానికి ఆరు నెలలు పెట్టుకోండి. నాలుగు నెలలు వెతుకులాటకే పోతాయి. రాయడం చివరి పని.

ఎవరి రాజ్యం, ఎవరి కాగితం

తిరుగుబాటుదారుడి గురించి ముందుగా రాసి పెట్టేది అతని శత్రువే. మొఘలుల మీద లేచిన సర్వాయి పాపన్న సంగతి ఖాఫీ ఖాన్ అనే మొఘల్ చరిత్రకారుడు పారశీకంలో రాశాడు. అతని లెక్కలో పాపన్న దోపిడీగాడు. అదే మనిషి మన పాటల్లో పేదల రాజు. మొఘలుల మీద లేచాడన్న విషయం మాత్రం రెండు వైపులా ఉంది. అలా రెండు వైపులా నిలిచేదే గట్టి సమాచారం. ఆగస్టు 18 జయంతి మనం జరుపుకునే తేదీ, దాన్ని ఆధారం ఉన్న తేదీల్లో కలపకండి.

తుర్రెబాజ్ ఖాన్‌ది ఇంకో రకం. 1857 జులై 17న హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసి, తర్వాత పాలమూరు వైపు మొగిలిగిద్ద దగ్గర పట్టుబడ్డాడు. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకుని తూప్రాన్ దగ్గర తుపాకీకి బలయ్యాడు. ఇతని కథ తెలిసేది ఎక్కువగా ఇంగ్లీషు దొరల ఉత్తరాల వల్లే. వాటిలో అతనేం చేశాడో దొరుకుతుంది, ఎందుకు చేశాడో దొరకదు.

మీరు రాయబోయేది బహుశా మూడో రకం: 1946–51 మధ్య నిజాం మీద, దేశ్‌ముఖుల మీద, రజాకార్ల (నిజాం పక్షాన నిలిచిన సాయుధ దండు) మీద లేచిన దళ నాయకుడు. ఇక్కడ మొదటి ప్రశ్న, ఆనాడు మీ ఊరు ఎవరి కింద ఉండేది? దివానీ ఊరా (సర్కారు పాలన), సర్ఫేఖాసా (నిజాం సొంత ఆస్తి), జాగీరా (జాగీర్దారుకు ఇచ్చింది), సంస్థానమా (చిన్న రాజుల పాలన)? గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్, గోపాల్‌పేట వైపు ఊళ్ళు సంస్థానాల కిందివి. అక్కడి పాత కాగితాలు దివానీ తాలూకా కచేరీలో వెతికితే దొరకవు. మునగాల పరగణా అయితే చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా తాను బ్రిటిష్ ఇండియాలోని కృష్ణా జిల్లాది. నల్లగొండలో వారెంటు ఉన్నవాడు మునగాల పొలిమేర దాటితే అవతల వేరే పోలీసు, వేరే చట్టం. ఆ మనిషి జీవితంలో "అక్కడ ఆర్నెల్లు జాడ లేదు" అన్న ముక్క వస్తే కృష్ణా జిల్లా వైపు చూడండి.

జిల్లా పేరుతోనూ జాగ్రత్త. పోరాటంలో మొదటి అమరుడిగా చెప్పుకునే దొడ్డి కొమరయ్య ఊరు కడివెండి ఇవాళ జనగామ జిల్లాలో ఉంది. 1946లో అది నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఇప్పటి జిల్లా పట్టుకుని వెతికితే ఫైలు చేతికి రాదు. పుస్తకంలో పాత తాలూకా, ఇప్పటి మండలం రెండూ రాయండి.

తేదీల పట్టీ

ఒక పొడుగు చార్టు తీసుకుని నిలువునా గీత గీయండి. ఎడమవైపు అందరికీ తెలిసిన తేదీలు, కుడివైపు మీ మనిషివి. ఎడమవైపు కనీసం ఇవి ఉండాలి: 1930 జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంఘం), 1944 భువనగిరి మహాసభ, 1946 జులై 4 కొమరయ్య మరణం, 1947 సెప్టెంబరు 11 రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాట పిలుపు, 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య (హైదరాబాద్ రాజ్యంలోకి భారత సైన్యం రావడం), 1949 ఆగస్టు జాగీర్ల రద్దు, 1951 అక్టోబరు 21 పోరాట విరమణ, 1952 ఎన్నికలు.

కుడివైపు నింపేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది ఫసలీ దగ్గర. నిజాం రెవెన్యూ కాగితాల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. "590 కలిపితే చాలు" అని నోటిమాటగా చెబుతారు. అది సగమే నిజం. ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591. కొమరయ్య చనిపోయింది 1355 ఫసలీలో. 590 కలిపితే 1945 వస్తుంది, ఏడాది వెనక్కి పోతుంది. 591 కలిపితేనే 1946. నెల పేరు లేకుండా ఉత్త ఫసలీ సంవత్సరమే ఉంటే "1945–46" అని రెండూ రాసి వదిలేయండి, ఊహించి ఒకటి తేల్చవద్దు.

నెలలు వరుసగా: ఆజుర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహెర్, ఆబాన్. ఫర్మానాల (నిజాం ఆజ్ఞాపత్రాల) మీద హిజ్రీ కూడా ఉంటుంది. అది చంద్రమానం, ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఏదో అంకె కలిపితే కుదరదు, పట్టిక చూడాల్సిందే.

ముసలివాళ్ళు తేదీ చెప్పరు, కార్తె చెబుతారు. అది లోపమేం కాదు. కొన్ని తేదీలకన్న అదే నమ్మకం. మిర్గం (మృగశిర) జూన్ 7–8కి వస్తుంది, ఆరుద్ర జూన్ 22కి, ఉత్తర సెప్టెంబరు 13కి. పోలీసు చర్య సరిగ్గా ఉత్తర కార్తె మొదట్లో పడింది, ఆ ఏడు బతుకమ్మ అక్టోబరు మొదటి వారంలో మొదలైంది. కాబట్టి "మిలిట్రీ వచ్చినంక, బతుకమ్మకు ముందు" అన్నారంటే మీ చేతికి మూడు వారాల కిటికీ దొరికినట్టే. "జొన్నకోతలప్పుడు" అంటే ఆగి మళ్ళీ అడగండి: వానకాలం పచ్చజొన్నా, యాసంగి తెల్లజొన్నా? రెండింటికీ నడుమ నెలల తేడా ఉంది.

చనిపోయిన తేదీకి ఇంకో దారి. ఇంట్లో పెత్తరమాస (పెద్దల అమావాస్య) నాడు ఎవరి పేరున బియ్యమిస్తారో, ఏ తిథికి పెడతారో అడగండి. తిథి, మాసం తెలిస్తే ఆ ఏటి పంచాంగంతో తేదీ తేలుతుంది. స్థూపం తేదీకీ తిథికీ పొసగకపోతే తిథి వైపే మొగ్గు చూపండి. స్థూపాలు చాలావరకు ఏళ్ళ తర్వాత లేచినవి, తిథి మాత్రం మొదటి ఏడు నుంచే పెడుతూ వచ్చింది.

పేరు ఒకటి కాదు

అజ్ఞాతంలో కమ్యూనిస్టు పార్టీలో వాడిన పేరు, ఇంటి పేరు, ఊరివాళ్ళు పిలిచే పేరు, ఉర్దూ కాగితంలో పడ్డ పేరు, ఈ నాలుగూ ఒక కార్డు మీద రాసుకోండి. ఈ పోరాటంలో దళంలో పనిచేసిన మల్లు స్వరాజ్యం అజ్ఞాతంలో రాజక్క. పైగా ఆమె పుట్టినిల్లు భీంరెడ్డివారు. పెళ్ళి పోరాటం ముగిశాకే. 1948 నాటి కాగితాల్లో "మల్లు" అని వెతికితే ఏమీ రాదు. ఆడవాళ్ళ విషయంలో ఈ పొరపాటు ఎక్కువ. వాళ్ళు చేసిన పని కనబడకుండా పోవడానికి ఇదీ ఒక కారణం.

ఉర్దూలో చిన్న అచ్చులు రాయరు. గొలుసు రాతలో నర్సయ్య, నర్సింహ, నర్సింలు దాదాపు ఒక్క తీరుగా కనబడతారు. అంకెల్లో 2కీ 3కీ చిన్న కొన ఒక్కటే తేడా. అందుకని ఒకే కాగితాన్ని ఇద్దరితో విడివిడిగా చదివించండి, ఒకరు చదివింది మరొకరికి చెప్పకుండా. తండ్రి పేరు, కులం, ఊరు మూడూ కలిస్తేనే "ఇతనే" అనుకోండి. ఒక్క పేరు కలిసినంత మాత్రాన సంబరపడొద్దు.

పెద్దమనుషులతో మాట

లెక్క వేసుకోండి: 1948లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు తొంబైకి దగ్గర. అంటే మిగిలిన సాక్షులంతా ఆనాటి పిల్లలు. పిల్లలకు ఏం తెలుస్తుంది? రాత్రి అమ్మ ఎన్ని రొట్టెలు ఎక్కువ చేసింది, సద్దిమూట ఎవరి చేతికిచ్చి ఏ బాటన పంపింది, రజాకార్లు వచ్చిన నాడు ఏ గుమ్మిలో దాక్కున్నారు, ఇవి తెలుస్తాయి. దళం ఎక్కడ కూర్చుని ఏం తీర్మానించిందో తెలియదు. తెలియనిది అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు, అదే పుస్తకంలోకి ఎక్కుతుంది.

కాబట్టి "మా నాయకుడు ఎంత గొప్పవాడు?" అని మొదలెట్టకండి. "అవ్వా, గప్పుడు నువ్వు ఎంత పెద్దగున్నవ్? పలకకు పోతుంటివా, బర్లకు పోతుంటివా?" అని మొదలెట్టండి. ఆమె వయసు అక్కడే తేలిపోతుంది. తర్వాత, "ఆయన ఇంటికొస్తే ఎక్కడ కూసునేటోడు? ఏం తినేటోడు? తుపాకి ఎక్కడ పెట్టేటోడు?" చెయ్యి పెట్టి చూపించమనండి. ఇల్లు మారినా, పాత గోడ ఎక్కడుండేదో చూపిస్తారు, అక్కడినుంచి మాట దానంతటదే వస్తుంది.

పొద్దున పూట పోండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక జ్ఞాపకం మందగిస్తుంది. ఒకసారికి గంట మించొద్దు. ఫోన్‌లోనే రికార్డు చేయవచ్చు గాని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపండి, ఫోన్ కింద తువ్వాల వేయండి; గచ్చు మీద పెడితే ప్రతి చప్పుడూ దూరుతుంది. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. రెండోసారి తప్పకుండా పోండి. మొదటిసారి సభలో చెప్పినట్టు చెబుతారు, రెండోసారి ఇంట్లో చెప్పినట్టు చెబుతారు.

రాసుకునేటప్పుడు ప్రతి ముక్క పక్కన గుర్తు పెట్టండి: క అంటే కళ్ళారా చూసింది, ఇ అంటే ఇంట్లో విన్నది, స అంటే సభల్లో, పుస్తకాల్లో విన్నది. మాట మధ్యలో ఒక్కసారిగా ఉపన్యాసపు భాష వచ్చిందంటే అది స. "భూమి, భుక్తి, విముక్తి" అని బర్రెలు కాసిన పిల్ల ఆనాడు విని ఉండొచ్చు, కాని ఆ రాత్రి జరిగింది చెబుతూ ఆ మాట వాడదు.

ఇంకో సంగతి, నాయకుడి వాడలోనే తిరగకండి. అన్నం మోసినవాళ్ళు, కబురు మోసిన చాకలి, మంగలి ఇళ్ళు, తుపాకులు బాగు చేసిన కమ్మరి, మాదిగవాడ, గొల్లవాడ, అన్నీ చూడండి. దొర ఇంటివాళ్ళు హైదరాబాద్‌లో ఉంటే వాళ్ళనూ కలవండి. చెప్పేది నచ్చకపోయినా గడిలో ఆనాడు ఎవరెవరు ఉన్నారో వాళ్ళకు తెలుసు.

స్థూపం చదవడం

ఏటేటా రంగు వేసేవాళ్ళు పాత అక్షరం మీద కొత్త అక్షరం తమకు తోచినట్టు దిద్దుతారు. 1 కాస్తా 7 అవుతుంది. పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో, ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫొటో తీస్తే రంగు కింది చెక్కుడు గీత నీడ కడుతుంది. రంగు గోకవద్దు, కాసిని నీళ్ళు చల్లితే చాలు. నాలుగు పక్కలా, అడుగు భాగమూ తీయండి. కట్టించిన సంవత్సరం తరచూ అడుగున ఉంటుంది, అక్కడే మట్టి కప్పేస్తుంది.

కాగితాలు

హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖాగారం ఉంది. నిజాం కాలపు హోం, రెవెన్యూ ఫైళ్ళకు అదే మొదటి గడప. ఊరి పేరుతో కాక తాలూకా పేరు, ఫసలీ సంవత్సరం, శాఖ అన్న వరుసలో అడగండి. పాత పత్రికలకు సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, ఉద్యమ ప్రచురణలకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలెట్టిన గోలకొండ పత్రికలో మారుమూల ఊళ్ళ వెట్టి సంగతులు కూడా వచ్చేవి. మీ నాయకుడి పేరు లేకపోయినా మీ దొర పేరు తగలవచ్చు.

భూమి సంగతికి మండల ఆఫీసు. "మూడు వందల ఎకరాలు పంచాడు" అని ఊరంతా అంటుంది. 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసిన సర్కారు రికార్డు) నకలు తీసి ఆ సర్వే నంబర్లు చూడండి. పట్టాదారు కాలమ్‌లో దొర పేరు, సాగుదారు కాలమ్‌లో వేరే పేరు ఉంటే పంపకం కొంత నిలిచిందని అర్థం. రెండు కాలమ్‌లలోనూ దొర పేరే ఉంటే పంచింది పోలీసు చర్య తర్వాత తిరిగి గుంజుకున్నారేమో ఊళ్ళో అడగండి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల జాబితా దీనికి జోడు. గుంటలు కూడేటప్పుడు 40 గుంటలకు ఎకరమని గుర్తుంచుకోండి, కంప్యూటర్‌లో 3.20 అని కొడితే అది మూడున్నర ఎకరాలని దానికి తెలియదు. నకళ్ళు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

శిక్ష పడ్డ మనిషైతే కోర్టు తీర్పులు వెతకండి. ప్రత్యేక ట్రిబ్యునళ్ళ ఉరిశిక్షల మీద సుప్రీంకోర్టు దాకా పోయిన జనార్దన్‌రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్ కేసు లా రిపోర్టుల్లో అచ్చులో ఉంది. శిక్ష ఎప్పుడు పడింది, అప్పీలు ఎటు పోయింది అన్న వరుస అలాంటి చోట పక్కాగా ఉంటుంది.

పింఛను ఫైలును మాత్రం మెలకువతో చదవాలి. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు ఆరు నెలల జైలో, ఆరు నెలలకు పైబడ్డ అజ్ఞాతమో చూపాలి. అందుకే అఫిడవిట్లన్నీ ఆరు నెలలు దాటేలా, ఒకే వాక్యాలతో ఉంటాయి. రాసింది దరఖాస్తు రైటరు, చెప్పింది సమరయోధుడు. అబద్ధమని కాదు, నిబంధనకు సరిపడా కోసిన నిజం. అందులోని తోటి ఖైదీల పేర్లు, జైలు పేరు తీసుకోండి. నెలల లెక్క వేరేచోట సరిచూసుకోండి.

తుపాకీ కథలు

మొదట్లో గుత్పలు (దుడ్డుకర్రలు), వడిసెలలు. తర్వాత బర్మార్లు (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకులు), ఆ తర్వాతే పట్టుకున్న రైఫిళ్ళు. బర్మార్ నింపాలంటే గొట్టంలో మందు పోయాలి, పీచు పెట్టి కడ్డీతో కుక్కాలి, రవ్వలు వేయాలి, మళ్ళీ కుక్కాలి, వెనక టోపీ పెట్టాలి. చేయి తిరిగినవాడికైనా అర నిమిషం పైమాటే. మందు తడిస్తే పేలదు. ఇప్పుడు కథ చూడండి: ఆరుద్ర వానలో, చెరువుకట్ట మీద, ఒక్క బర్మార్‌తో వరుసగా పది పేల్చి లారీని ఆపాడు. ఆ కథలో ఏదో ఒకటి తప్పు; కార్తె అయినా, తుపాకీ అయినా, పది అయినా. చాలాసార్లు తప్పేది మనిషి లెక్క: పేల్చింది పదిమంది, పాటలో మిగిలింది ఒక్కడు. ఆ తొమ్మిదిమంది పేర్లు దొరకబట్టడమే మీరు చేయగల పెద్ద పని.

దాచిపెట్టే మూడేళ్ళు

ఊరి పుస్తకాలు చాలావరకు 1948 సెప్టెంబరు దగ్గర జెండా ఎగరేసి ఆగిపోతాయి. నిజాం లొంగాడు, కథ కంచికి. కాని పోరాటం ఇంకో మూడేళ్ళు, ఈసారి భారత సైన్యం ముందు, నడిచింది. దళాలు కృష్ణ ఒడ్డు పట్టుకుని నల్లమలలోకి, ఇటు గోదావరి అడవుల్లోకి జరిగాయి. ఆపాలా సాగించాలా అన్న దగ్గర నాయకులే చీలారు. రావి నారాయణరెడ్డి ఆపాలన్నారు, భీంరెడ్డి నర్సింహారెడ్డి సాగించారు. మీ మనిషి ఏ పక్షమో రాయండి. లొంగిపోయాడా, పట్టుబడ్డాడా, విసిగి ఇల్లు చేరాడా, అది కూడా రాయండి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (గూడేల్లో) అడగకుండా ఈ అధ్యాయం పూర్తి కాదు. పాలమూరు జిల్లా ఈ చరిత్రలో ఎక్కువగా కనబడేది ఇక్కడే.

ఇన్‌ఫార్మర్ పేరు ఒక్కరి నోటిమాట మీద అచ్చు వేయకండి. మనవలు అదే ఊళ్ళో ఉన్నారు. ఒకరితో ఒకరికి చుట్టరికం లేని ఇద్దరు సాక్షులు, ఒక కాగితం, మూడూ ఉంటేనే పేరు. లేదంటే "ఊరివాళ్ళలో ఒకరు". దళం చేతిలో చనిపోయినవాళ్ళ సంగతికీ ఇదే కొలత. రజాకార్లంటే ముస్లింలందరూ అన్నట్టు రాసేస్తున్నారు ఈ మధ్య. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణమిచ్చిన బందగీ ముస్లిమే, పిలుపు మీద సంతకం పెట్టిన మఖ్దూమూ ముస్లిమే.

రాత, అచ్చు

డెమ్మీ సైజులో 64 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు నాలుగు, ఊరి పుస్తకానికి సరిపోతుంది. 66 పేజీలొస్తే ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం బరువు పడుతుంది, ఫొటో తగ్గించండి. మొదటి అధ్యాయం నాయకుడితో కాక ఊరితో మొదలెట్టండి: ఎన్ని ఇళ్ళు, ఎవరి భూమి, ఏ వెట్టి. సాక్షులు చెప్పింది వాళ్ళ మాటల్లోనే ఉంచండి. "వచ్చిండు"ను "వచ్చెను" చేయకండి. ఒకే సంఘటన మీద రెండు కథలుంటే రెండూ ఇచ్చి, మీకు ఏది నమ్మకమో ఒక్క వాక్యంలో ఎందుకో చెప్పండి.

ప్రెస్సుల్లో ఇంకా అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఎక్కువ. యూనికోడ్ ఫైలు మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అంకెలు, చుక్కలు తారుమారవుతాయి. తేదీలూ ఊళ్ళ పేర్లూ మార్చిన తర్వాతే, కాగితం మీద ప్రింటు తీసి, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు అసలు ప్రతితో సరిచూడాలి. ఫోన్ తెర మీద ప్రూఫ్ చూస్తే ఇవి కనబడవు.

అచ్చుకు ముందు, సాక్షి చెప్పిన పేజీలను ఆమె ఇంట్లో కూర్చుని చదివి వినిపించండి. వద్దన్న ముక్క తీసేయండి. రికార్డింగులు రెండు వేరువేరు డ్రైవుల్లో, రెండు ఇళ్ళలో పెట్టండి. ఫైలు పేరు ఊరు, మనిషి, తేదీతో ఉండాలి. పుస్తకం కాపీలు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఊరి బడికి, తార్నాకకు, పేరున్న ప్రతి ఇంటికి ఒకటి. చివరి పేజీ గీతలు కొట్టి ఖాళీగా వదలండి. ఆవిష్కరణ సభ అయిన వారానికే "మా తాత పేరు రాలేదు" అని ఎవరో ఒకరు వస్తారు, వాళ్ళ చేత అందులోనే రాయించుకుని మళ్ళీ మొదటి కార్డు తీయండి.